మంచంలో మనిషి, తాకట్టులో ఇల్లు

మా చిన్నాన్న దినాల రోజున వచ్చిన చుట్టాలు అన్నాలు తిని చేతులు కడుక్కుంటుండగానే పందిరి కింద ఇంకో పంచాయితీ మొదలైంది. పెద్దమనుషులు నలుగురు, అప్పులిచ్చిన వాళ్లు ముగ్గురు. ఎవరికెంత ఇవ్వాలో ఒకాయన నోటుబుక్కులో రాస్తున్నాడు. ఇంట్లో నులక మంచం మీద చిన్నమ్మ. అంతకు ఎనిమిది నెలల ముందే ఆమెకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట సరిగా రాదు, మనుషుల్ని గుర్తుపట్టడం కూడా ఒకరోజు ఉంటే ఇంకోరోజు ఉండదు. సిరా డబ్బా పట్టుకుని ఆమె బొటనవేలి కోసం లోపలికి పోబోయిన మనిషికి గడపలో అడ్డం నిలబడింది వాళ్ల ఒక్కగానొక్క కూతురు.

"ఏంటిది బాబాయ్, అమ్మకు తెలివే సక్కగ లేదు" అంది.

"మరి నువ్వు పెట్టు బిడ్డా. తండ్రి అప్పు కన్నబిడ్డ తీర్చకపోతే ఇంకెవరు తీరుస్తరు?" అన్నాడాయన. కోపంగా కాదు, నచ్చజెబుతున్నట్టే.

ఆ ఊరు పాల్వంచ దాటాక భద్రాచలం దారిలో, అడవి అంచున ఉంది. అక్కడ నేను ఆ రోజు బంధువుగా ఉన్నాను తప్ప కార్యకర్తగా లేను. అందుకే కాబోలు ముందు నాకు నోరు పెగల్లేదు. ఇరవై ఏళ్లుగా ఊరూరూ తిరిగి చట్టాల మీద శిక్షణలిచ్చిన మనిషిని, మా ఇంటి పందిరి కింద ఏం మాట్లాడాలో తెలియక నిలబడ్డాను. ఈ సంచికకు సంపాదకీయం రాయడానికి కూర్చుంటే ఆ పందిరే కళ్ల ముందు కనబడుతోంది. కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

ఆ పిల్ల పెళ్లప్పుడు ఇదే పెద్దమనుషులు 'కట్నం ఇచ్చాం కదా, ఇక చెలకలో నీకు భాగమేముంటుంది' అన్నారు. చిన్నాన్న వాటా చెలక ఎకరంన్నర అన్నదమ్ముల పిల్లల సాగులోకి పోయినప్పుడు ఆమెను పిలవనైనా లేదు. ఆస్తి లెక్కల్లో కానరాని ఆడపిల్ల అప్పుల లెక్క దగ్గరికి వచ్చేసరికి అందరికీ కనబడింది. ఇది మా ఇంట్లో జరిగిన వింతేమీ కాదు. మీలో చాలామంది మీ మీ ఊళ్లలో చూసే ఉంటారు.

చట్టం మాత్రం ఆ పెద్దమనిషి చెప్పినట్టు చెప్పదు. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు బాధ్యులయ్యేది ఆ మనిషి వదిలిపోయిన ఆస్తి ఏమేరకు తమ చేతికి వచ్చిందో ఆ మేరకే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్లు ఆ మాటే అంటాయి. ఆస్తి రాకపోతే బాధ్యతా లేదు. కూతురి జీతానికి గానీ, అల్లుడి పొలానికి గానీ, భార్య సొంత సంపాదనకు గానీ ఆ అప్పు అంటుకోదు. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమంటూ వెనకటి హిందూ న్యాయశాస్త్రం ఒక నియమం పెట్టింది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు దాన్ని కూడా తీసేశారు. ఆ సవరణ ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చిందని మనం ఎన్నో సభల్లో చెప్పాం. అప్పుల సంగతి అందులోనే ఉందని నేనైతే ఏ సభలోనూ చెప్పిన గుర్తు లేదు.

మరి దినాల రోజునే అంత తొందర దేనికి? వేలిముద్రలో ఉంది కీలకం. ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన డబ్బుకు కోర్టుకెక్కే గడువు మూడేళ్లు. చిన్నాన్న రాసిన నోట్లలో రెండింటికి ఆ గడువు దగ్గర పడింది. పాత కాగితం మీద కొత్త సంతకం పడితే గడువు మళ్లీ మొదలవుతుంది. భార్యో కూతురో తన పేరు మీద కొత్త నోటు రాసిస్తే అది చనిపోయిన మనిషి అప్పు కాదు, బతికున్న మనిషి సొంత అప్పు. అప్పుడిక ఆస్తి వచ్చిందా లేదా అని అడిగే పనే ఉండదు. దుఃఖంలో, నలుగురి ముందు, పరువు పేరుతో పెట్టించుకునే ఆ ఒక్క వేలిముద్ర ఎన్నో కుటుంబాల్లో ఆడవాళ్ల మిగతా బతుకునంతా రాసేస్తోంది. గడువు దాటిన బాకీకి కూడా రాతపూర్వకంగా ఒప్పుకుంటే కాంట్రాక్టు చట్టం ప్రకారం ప్రాణం వస్తుంది. కాబట్టి కార్యకర్తలకు నేను చెప్పగలిగిన మొట్టమొదటి మాట ఇది: దినాలు అయ్యేదాకా, అయ్యాక కూడా కొన్నాళ్లదాకా, ఆ ఇంట్లో ఎవరూ దేనిమీదా సంతకం పెట్టకుండా చూడండి. అప్పు ఎగ్గొట్టమని కాదు. తీర్చదలుచుకుంటే లెక్క చూసుకుని తీర్చవచ్చు.

లెక్క అన్నాను కాబట్టి ఆ లెక్కా చెప్తాను. చిన్నాన్నకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద ఉచితం. ఆ పథకం 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆ కార్డే లేకపోతే చిన్నాన్న ఆ మూడేళ్లు కూడా బతికేవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే కార్డు పనికొచ్చేది ఆసుపత్రి గేటు లోపలే. గేటు దాకా పోవడానికి వారానికి రెండుసార్లు తెల్లవారుజామున ఊరి నుంచి రోడ్డుకు ఆటో, రోడ్డు నుంచి బస్సు. నీరసంగా ఉన్న రోజున తిరుగు ప్రయాణానికి కారు. కూడా పోయే చిన్నమ్మకు ఆ రెండు రోజులూ కూలి పోయినట్టే. రోగం ఏమిటో తేలడానికి ముందు ఆరేడు నెలలు ఆర్‌ఎంపీ దగ్గర, తర్వాత పట్నంలో ప్రైవేటు ఆసుపత్రిలో పెట్టిన ఖర్చు ఏ పథకంలోకీ రాదు. రక్తం పెరగడానికి వేసే సూదులు ఒక్కోసారి దొరికేవి, ఒక్కోసారి బయట కొనుక్కోమనేవాళ్లు. ఇట్లాంటి చిల్లర ఖర్చులే కొండలా పెరిగాయి.

2014లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో గ్రామాల్లో ఆసుపత్రి ఖర్చులో దాదాపు నాలుగో వంతు అప్పు తెచ్చిందేనని తేలింది. ఎవరి మెళ్లో గొలుసు ముందు పోయింది, ఎవరు పని మానుకున్నారు అన్నవి అట్లాంటి సర్వేల్లో కానరావు. మా చిన్నమ్మ ఇంట్లో వరస ఇదీ: ముందు చెవుల దుద్దులు, తర్వాత పుస్తెలతాడు, తర్వాత రెండు బర్రెలు, ఆ మీదట బర్రెల పేరుతో సంఘంలో తీసిన లోను, చివరికి ఇల్లు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. అందులో 60వ సెక్షన్, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటిమీద నుంచి తీయకూడని ఆభరణాలను అప్పు కింద జప్తు చేయరాదంటుంది. వండుకునే గిన్నెలనూ పడుకునే పక్కనూ కూడా జప్తు చేయకూడదు. రైతులూ కూలీలూ తాము కాపురం ఉంటున్న ఇంటిని నోటు బాకీ కింద జప్తు చేయకూడదు. తెల్లవాళ్ల కాలపు కోర్టు అమీనా కూడా ముట్టుకోకూడని పుస్తెలు మన ఇళ్లలో జబ్బు రాగానే అన్నిటికన్నా ముందు బజారుకు పోతున్నాయి, అదీ మనంతట మనమే తీసిచ్చి.

ఇక ఇల్లు. రెండు గదులు, ముందు వసారా, వెనక ఒక వేపచెట్టు. దానిమీద 1,20,000 రూపాయలు తెచ్చారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. అంటే నెలకు 3,600. పది నెలలు వడ్డీ కట్టారు. మూడేళ్లయ్యేసరికి వడ్డీయే 1,29,600, అసలుతో కలిపి 2,49,600 అని పందిరి కింద చదివారు. కట్టిన 36,000 ఏమైందని ఆ పిల్ల అడిగితే రాసుకున్న కాగితం లేదన్నారు. రసీదు అడగడం నమ్మకం లేనట్టు అవుతుందని చిన్నాన్న ఎప్పుడూ తీసుకోలేదట.

ఆ తాకట్టు కాగితం చూద్దామని నేను అడిగాను. ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే. తెస్తే, అది తాకట్టు కాగితం కానేకాదు, స్టాంపు కాగితం మీద అమ్మకం అగ్రిమెంటు. 'ముట్టవలసిన పైకం ముట్టినది, గడువులోగా తిరిగి చెల్లించనిచో ఇల్లు స్వాధీనం చేయగలవాడను' అని ఉంది. తాకట్టును అమ్మకంలా రాయించుకోవడం ఈ జిల్లాలో పాత అలవాటు. సాదా బైనామాల దేశం మనది. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలో అంతకు మించో తీసుకుని ఆస్తిని తనఖా పెట్టే కాగితం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. తనఖా పెట్టినవాళ్లకు డబ్బు కట్టి విడిపించుకునే హక్కు ఉంటుంది, ఫలానా రోజుకు కట్టకపోతే ఆ హక్కు పోతుందని ముందుగానే రాయించుకుంటే చెల్లదు. అందుకే ఆ మాట రానివ్వకుండా అమ్మకమని రాయిస్తారు.

ఆ ఊరు షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి ఇంకో సంగతి కూడా ఉంది. 1959 నాటి భూబదిలీ నిబంధనల్లో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, కౌలు, దానం, మార్పిడి, చివరికి ఆస్తి గురించి రాసుకున్న ఒప్పందం కూడా బదిలీయే. 1970లో వచ్చిన సవరణను, అంటే మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేదాన్ని, కలిపి చదివితే అక్కడ గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి ఇల్లు రాసిచ్చినా చెల్లదు. అప్పిచ్చినాయనా గిరిజనుడు కాదు, మా చిన్నాన్నా కాదు. ఆ కాగితం పుట్టుకతోనే చచ్చింది.

ఈ మాట నేను పందిరి కింద చెప్పగానే మా వాళ్ల మొహాలు వెలిగాయి. ఇక్కడ నాకు సిగ్గేసింది కూడా. ఎందుకంటే ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల చేతిలో ఉన్న ఆస్తి, వేరే రుజువు లేకపోతే, గిరిజనుల నుంచి వచ్చిందేనని అనుకోవాలి. మా తాత ఆ ఊరికి ఎప్పుడొచ్చాడు, ఆ జాగా ఎవరి దగ్గర తీసుకున్నాడు, ఎంతకు తీసుకున్నాడు? ఇంట్లో ఎవరూ చెప్పరు. 'అప్పుడంతా అడవే' అంటారు. అడవి అంటే మనుషులు లేరని కాదు కదా. మా చిన్నమ్మ ఇంటిని కాపాడిన చట్టమే ఆ ఇల్లు మీకెట్లా వచ్చిందని మమ్మల్ని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించలేను.

ఖమ్మం, భద్రాచలం రోడ్ల మీద వన్ ఆఫ్ సెవెంటీని ఎత్తేయాలన్న డిమాండు ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది. దాని పక్కన పేద గిరిజనేతరుల పేరు, ముఖ్యంగా మా చిన్నమ్మలాంటి ఒంటరి స్త్రీల పేరు వాడుకుంటారు: ఇల్లుండీ బ్యాంకులో లోను పుట్టదు, జబ్బు చేస్తే అమ్ముకోవడానికి లేదు అని. ఆ కష్టం నిజమే, నేను కళ్లారా చూశాను. కానీ చట్టం ఎత్తేస్తే మా చిన్నమ్మ ఇల్లు ఎప్పుడో రిజిస్టరయి పోయేది, ఆమె ఈపాటికి బజార్లో ఉండేది. కోయల భూమి ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనలను సమర్థించింది. 1997లో సమత కేసు తీర్పు ఇదే చట్టం మీద నిలబడి వచ్చింది. భద్రాచలం పక్క అయితే ఈ రక్షణ ఇంకా పాతది. అది మద్రాసు రాజ్యంలో ఉన్నప్పటి 1917 ఏజెన్సీ చట్టం నాటిది. వందేళ్లుగా చట్టం ఉంది, వందేళ్లుగా భూమి పోతూనే ఉంది. కాబట్టి అడగాల్సింది చట్టాన్ని తీసేయమని కాదు, జబ్బు చేసినప్పుడు ఇంటిని తాకట్టు పెట్టే అవసరమే రాని ఏర్పాటు.

గోదావరి దాటి దుమ్ముగూడెం వైపు ఒక కోయ చెల్లెలు మా సంఘం సమావేశాలకు వస్తుంటుంది. ఆమె అత్తకు పాము కరిచింది. అత్త బతికింది గానీ కాలు పుండయి నెలల తరబడి తిరిగారు. వాళ్లకు రెండెకరాల పోడు పట్టా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది కాబట్టి మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ హక్కు వారసులకు వస్తుంది, ఇంకొకరికి అమ్మడానికి గానీ రాసివ్వడానికి గానీ వీల్లేదు. "మరి పట్టా ఏదమ్మా?" అంటే, "సావుకారి దగ్గరుందక్కా" అంది. పట్టా, రేషను కార్డు, బ్యాంకు ఏటీఎం కార్డు, మూడూ ఆయన బీరువాలో ఉన్నాయి. ఆయన వడ్డీ వ్యాపారి కాదట, పురుగుమందుల కొట్టు ఆయనది. విత్తనాలూ ఎరువులూ ఆయన దగ్గరే, మిర్చి కొనేదీ ఆయనే, అత్త ఆసుపత్రికి డబ్బిచ్చిందీ ఆయనే. అప్పు పేరు ఎక్కడా ఉండదు, మిర్చి ధరలో కలిసిపోతుంది. "మంచోడే అక్కా, అర్ధరాత్రి లేపినా ఇచ్చిండు" అని కూడా చెప్పింది. ఆ మాట అబద్ధం కాదు. ఆ రాత్రి ఆమె తలుపు కొట్టగలిగింది ఆ ఒక్క ఇంటిదే.

షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలని 1960లోనే నిబంధనలు వచ్చాయి. గిరిజనుల రుణ విమోచనకు అదే ఏడాది ఇంకో నిబంధన వచ్చింది. 1996 పెసా చట్టం గిరిజనులకిచ్చే వడ్డీ అప్పుల మీద అదుపు గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలంది. ఉమ్మడి రాష్ట్రంలో దానికి నియమాలు 2011 దాకా రాయలేదు. గ్రామసభలో రోడ్లూ పింఛన్లూ మాట్లాడటం విన్నాను. ఈ ఊళ్లో ఎవరెవరి పట్టాలు ఎవరి బీరువాల్లో ఉన్నాయో చదవండి అని అడిగిన గ్రామసభను నేనింకా చూడలేదు. మనం పెట్టించవచ్చు. దానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

ఆ కోయ చెల్లెలికి ఇంకో చిక్కు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. 2005 సవరణ ఆమె దాకా రాదు. రేపు పుట్టింటి భూమిలో వాటా అడిగితే ఆచారం ఏమంటుందో పెద్దలు చెప్పాలి. ఆ పెద్దలందరూ మగవాళ్లే. 2025 జులైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదన్న ఆచారాన్ని రుజువు చేయనప్పుడు వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. కోయ ఆడవాళ్లతో కూర్చుని ఈ తీర్పు గురించి మాట్లాడాల్సి ఉంది, వాళ్లకు చెప్పడానికి కాదు, వాళ్ల ఆచారం నిజంగా ఏమిటో వాళ్ల నోటనే వినడానికి.

సరిహద్దుల సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పట్నం తెలంగాణలో మిగిలింది, ఆనుకునే ఉన్న ఎటపాక అటు పోయింది. నడిచి పోగలిగే దూరంలో ఉన్న ఆసుపత్రికి ఇప్పుడు వేరే రాష్ట్రం కార్డు పట్టుకుని పోవాలి. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలకైతే ఇక్కడ గిరిజనులన్న గుర్తింపే లేదు. వాళ్ల దగ్గర తాకట్టు పెట్టడానికి ఇల్లూ లేదు. వాళ్లు తాకట్టు పెట్టేది రాబోయే మిర్చి ఏరే కూలీని.

మన సంఘాల గురించి చెప్పకుండా ముగిస్తే నిజాయితీ కాదు. చిన్నమ్మ బర్రెల పేరుతో తీసిన లోను పొదుపు సంఘంలోది. ఆమె మంచాన పడ్డాక రెండు కిస్తీలు ఆగితే సంఘం వాళ్లు పదిమంది వచ్చి వసారాలో కూర్చున్నారు. అందరూ ఆమెతో కలిసి నాట్లు వేసినవాళ్లే. ఆమె కట్టకపోతే తమకు లోను రాదు, వాళ్ల భయం వాళ్లది. 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్లకు ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటే ఆర్డినెన్సు, తర్వాతి ఏడు చట్టం వచ్చాయి. రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు అంది. కంపెనీల ఏజెంట్లు వసారాలో కూర్చుంటే మనం ధర్నా చేశాం. మన సంఘమే కూర్చుంటే ఏం చేయాలో మనకు తోచలేదు. సారా ఉద్యమంలో కలిసి కొట్లు మూయించిన ఆడవాళ్లను మనం కిస్తీలు లెక్కబెట్టేవాళ్లను చేశామా అని నాకు అనుమానం. జబ్బు పడ్డ సభ్యురాలి కిస్తీ కొన్ని నెలలు ఆపే నిధి ఒకటి ప్రతి సంఘంలోనూ ఉండాలని, అది తీర్మానం పుస్తకంలో రాసి ఉండాలని మనం పట్టుబట్టాలి. ఆసుపత్రికి పోయిన రోజున బస్సు ఛార్జీలకు నూటికి మూడు వడ్డీకి తేకుండా వంద, రెండు వందలు అక్కడికక్కడ తీసుకునే వీలు అందులోనే ఉండాలి. ఆసుపత్రి బిల్లులు, సూదుల చీటీలు, వడ్డీ కట్టిన తేదీలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టే పని ఆ ఇంట్లో చదువుకుంటున్న ఆడపిల్లకు అప్పగించినా చాలు, రేపు పందిరి కింద కట్టిన 36,000 ఏమైందని అడిగే వీలుంటుంది.

ఆ రోజు ఎవరూ వేలిముద్ర వేయలేదు. చెల్లెలు గడపలోంచి కదల్లేదు, అంతే. పెద్దమనుషులు చీకటిపడేదాకా ఉండి లేచిపోయారు. పోతూ ఒకాయన నాతో, "నీకు చట్టాలు తెలుసు గానీ అమ్మా, రేపు మీ చిన్నమ్మకు మళ్లీ జబ్బు చేస్తే ఇచ్చేదెవరు?" అన్నాడు. ఆయన అడిగింది నిజమైన ప్రశ్నే, బెదిరింపూ అదే.

తర్వాత చెల్లెలు నోట్ల అప్పుల్లో అసలు మట్టుకు, తనకు వీలైనట్టు, రసీదులు తీసుకుంటూ కడుతోంది. కట్టనక్కర్లేదని నేను చెప్పినా, "నాన్న తిన్న అప్పు అక్కా" అంది. ఆమె ఇష్టం. ఇంటి మీద ఇచ్చిన 1,20,000 సంగతి తేలలేదు. అప్పిచ్చినాయన కోర్టుకు పోలేదు, పోలేడు. అప్పుడప్పుడూ వచ్చి వసారాలో కూర్చుని, "వదినకు ఎట్లుంది?" అని అడిగి, మంచినీళ్లు తాగి పోతాడు. అగ్రిమెంటు కాగితం ఇంకా ఆయన దగ్గరే ఉంది.